సుస్వా ముడి: తూర్పు ఆఫ్రికాను కలిపే పనిలో అతుకుల దగ్గర ఏం జరిగింది

నైరోబీ నుంచి పడమటికి బయల్దేరి, రిఫ్ట్ లోయ అంచు మీద మలుపులు తిరుగుతూ కిందికి దిగితే మాయి మహియు అనే చిన్న ఊరు తగులుతుంది. లారీ డ్రైవర్లు ఆగి టీ తాగే ఊరు. అక్కడి నుంచి నరోక్ రోడ్డు పట్టుకుని ఇంకొంత దూరం పోతే సుస్వా. పాత అగ్నిపర్వతం, చుట్టూ ఎండిన గడ్డి, మసాయి కాపరులు తోలుకుపోయే ఆవుల మందలు. ఆ గడ్డి మధ్యలో ఉన్నట్టుండి టవర్ల అడవి కనిపిస్తుంది.

ఉత్తరం నుంచి రెండు లైన్లు వస్తాయి. ఒకటి తుర్కానా సరస్సు పక్కన గాలిమరల నుంచి, రెండోది ఇథియోపియా నుంచి. పక్కనే ఓల్కారియాలో భూమి లోపలి ఆవిరితో తయారయ్యే కరెంటు కూడా ఇటే వస్తుంది. ఇక్కడి నుంచి ఒక దారి నైరోబీకి, ఇంకో దారి ఇసిన్యాకు పోతాయి. ఇసిన్యా నుంచి 2024 డిసెంబర్‌లో టాంజానియాకు 400 కేవీ (కిలోవోల్టుల) లైను ఛార్జ్ అయింది, అంటే దానిలోకి కరెంటు ఎక్కించారు. మొంబాసా రేవు నుంచి చైనా అప్పుతో వేసిన కొత్త రైలు మార్గం కూడా ఈ సుస్వా దాకా వచ్చి ఆగిపోయింది. ఈ టవర్ల తలల మీద పోయే తీగలోనే గాజు పోగులు ఉంటాయి, వాటిలో డేటా పోతుంది.

కరెంటు, రైలు, ఇంటర్నెట్ మూడూ ఒకే చోట ముడిపడ్డ ఇలాంటి ఊరు నాకు ఇంకోటి తెలియదు. అందుకే ఈ కేస్ స్టడీకి సుస్వాను తీసుకున్నాను. నేను విద్యుత్ లైన్ల ప్రొటెక్షన్, కమ్యూనికేషన్ పని చేసేవాణ్ణి. మొదటి ఉద్యోగం విశాఖ వైపు, తర్వాత చాలా ఏళ్ళు తూర్పు ఆఫ్రికాలో. లైను కన్నా అతుకే కష్టమని పని చేసేవాళ్ళందరికీ తెలుసు. కానీ ప్రాజెక్టు కాగితాల్లో కిలోమీటర్లకు పేజీలు పేజీలు ఉంటాయి, అతుకుకు ఒక పేరా కూడా ఉండదు.

తీగ లేక ఆగిన గాలిమరలు

2012 జనవరిలో ఆఫ్రికన్ యూనియన్ పిడా అనే పెద్ద కార్యక్రమానికి ఆమోదం తెలిపింది. రవాణా, విద్యుత్, టెలికాం, దేశాలు పంచుకునే నదీజలాలు, ఈ నాలుగింటినీ ఖండం మొత్తానికి కలిపి ఆలోచించాలన్నది దాని ఉద్దేశం. కాగితం మీద గీసిన ఆ గీతలు నేల మీదికి దిగినప్పుడు ఏమవుతుందో తుర్కానా ప్రాజెక్టు చూపించింది.

తుర్కానా సరస్సు పక్కన లోయాంగలానీ దగ్గర గాలి ఏడాది పొడవునా గట్టిగా వీస్తుంది. అక్కడ 365 గాలిమరలు, మొత్తం 310 మెగావాట్లు. మరలను రేవు నుంచి మోసుకురావడానికి చివరి 208 కిలోమీటర్ల రోడ్డును ప్రాజెక్టువాళ్ళే బాగు చేసుకున్నారు. 2017 మొదట్లోకల్లా మరలన్నీ నిలబడ్డాయి. కానీ కరెంటును సుస్వాకు చేర్చాల్సిన సుమారు 430 కిలోమీటర్ల లైను తయారు కాలేదు. లైను కింద భూమి హక్కుల గొడవలు ఒకవైపు, లైను కట్టాల్సిన విదేశీ కాంట్రాక్టరు దివాలా తీయడం మరోవైపు. 2018 సెప్టెంబర్ దాకా, ఏడాదిన్నరకు పైగా, ఆ మరలు ఉత్తినే నిలబడ్డాయి. కరెంటు తీసుకోలేకపోయినందుకు ఒప్పందం ప్రకారం కెన్యా పరిహారం కూడా కట్టాల్సి వచ్చింది.

వంట పూర్తయి విస్తరి లేకపోవడం లాంటిది ఇది. మరలు ఒక ఒప్పందం, లైను ఇంకో ఒప్పందం. రెండింటికీ వేర్వేరు డబ్బు, వేర్వేరు గడువు, వేర్వేరు మనుషులు. రెండూ ఒకే రోజుకు కలవాలన్న పూచీ మాత్రం ఎవరి నెత్తినా లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు తుర్కానాను ఎప్పటికీ మరిచిపోకూడదని నా అభిప్రాయం. అక్కడ తప్పిన సాంకేతిక లెక్క ఒక్కటీ లేదు.

రెండు చెరువుల మధ్య తూము

ఇథియోపియా నుంచి వచ్చే లైను సంగతి వేరు. దక్షిణ ఇథియోపియాలోని వోలాయిటా సోడో నుంచి సుస్వా దాకా 1,045 కిలోమీటర్లు. 500 కేవీ డీసీ, అంటే హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజి డైరెక్ట్ కరెంటు). 2,000 మెగావాట్లు మోయగలదు. 2022 నవంబర్‌లో వాణిజ్యపరంగా మొదలైంది. ఒప్పందం 25 ఏళ్ళకు: మొదటి మూడేళ్ళు 200 మెగావాట్లు, ఆ తర్వాత 400.

మామూలు ఏసీ లైను వేయకుండా డీసీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. దూరం ఒక కారణం. రెండోదే అసలు కారణమని నేననుకుంటాను. రెండు గ్రిడ్లను ఏసీతో కలిపితే అవి ఒకే కాడికి కట్టిన ఎడ్లు అవుతాయి. ఒకటి తూలితే రెండోదీ తూలాల్సిందే. ఫ్రీక్వెన్సీ రెండు చోట్లా ఒకటే కావాలి, అక్కడి కుదుపు ఇక్కడికి వస్తుంది. డీసీతో కలిపితే రెండు చెరువుల మధ్య తూము పెట్టినట్టు ఉంటుంది. ఈ చెరువు మట్టం వేరు, ఆ చెరువు మట్టం వేరు. మనం ఎంత తెరిస్తే అంతే నీళ్ళు.

ఇది నాకు పుస్తకంలో చదివింది కాదు. విశాఖ గాజువాకలో ఇలాంటి తూమే ఉంది. తూర్పు గ్రిడ్డుకూ దక్షిణ గ్రిడ్డుకూ మధ్య, ఒడిశాలోని జయపూర్ నుంచి వచ్చే కరెంటును ఏసీ నుంచి డీసీకి, మళ్ళీ ఏసీకి అక్కడికక్కడే మార్చే స్టేషన్ అది. 500 మెగావాట్లతో మొదలై తర్వాత 1,000 అయింది. రామగుండం, చంద్రపూర్ మధ్య ఇంకోటి ఉంది. తాల్చేర్ నుంచి కోలార్‌కు వచ్చే డీసీ లైను కూడా 500 కేవీ, 2,000 మెగావాట్లే. సుస్వా స్టేషన్‌లో మొదటిసారి వాల్వ్ హాలు, అంటే ఏసీ, డీసీల మార్పిడి జరిగే హాలు, చూసినప్పుడు మన ఊరి గుడిలో అడుగుపెట్టినట్టే అనిపించింది.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు భారతం చీకటైంది. 60 కోట్ల మందికి పైగా ప్రజల మీద ఆ ప్రభావం పడింది. దక్షిణాదిలో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. కారణం ఈ తూములే. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే కాడికి లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్ మధ్య 765 కేవీ లైను ఛార్జ్ చేశాకే దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. మనవాళ్ళు ముందు తూములతో అలవాటు పడి, లోపలి లైన్లు గట్టి చేసుకుని, ఆ తర్వాతే కాడి కట్టారు. ఆ వరస నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. తూర్పు ఆఫ్రికాలో మాత్రం డబ్బు ఏ ముక్కకు దొరికితే ఆ ముక్క ముందు కట్టారు.

ఒక పోలిక చెప్తే విషయం ఇంకా తేలికగా అర్థమవుతుంది. తెలంగాణ రాష్ట్రం గరిష్ఠ విద్యుత్ డిమాండ్ 15,000 మెగావాట్లు ఎప్పుడో దాటింది. కెన్యా మొత్తం దేశానిది 2024లో 2,200 చుట్టూ ఉంది. తెలంగాణలో 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ట్రిప్ అయితే కంట్రోల్ రూంలో కాసేపు టెన్షన్. కెన్యాలో అదే జరిగితే గ్రిడ్డుకే ప్రాణం మీదికి వస్తుంది.

8:56

2024 సెప్టెంబర్ 6 శుక్రవారం. కెన్యా ఇంధన శాఖ చెప్పిన వివరాల ప్రకారం ఉదయం 8:56కి సుస్వా సబ్‌స్టేషన్‌లో లోయాంగలానీ లైను ట్రిప్ అయింది. ఆ క్షణంలో దాంట్లో 288 మెగావాట్ల గాలి కరెంటు వస్తోంది. దాని వెనకే ఇథియోపియా డీసీ లైను కూడా ట్రిప్ అయింది. అందులో 200. రెండూ కలిపి 488 మెగావాట్లు కొన్ని క్షణాల్లో మాయం. దేశంలో చాలా భాగం చీకటైంది.

దేశం వాడే కరెంటులో ఐదో వంతుకు పైగా ఒకే స్టేషన్ గుండా వస్తోంది. ఇల్లు ఎంత పెద్దదైనా బరువంతా ఒకే దూలం మీద పెడితే ఏమవుతుందో అదే అయింది. పైగా థైరిస్టర్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో నడిచే ఇలాంటి డీసీ స్టేషన్‌కు ఒక బలహీనత ఉంది. కరెంటు దిగే వైపు ఏసీ గ్రిడ్ గట్టిగా ఉండాలి. అక్కడ వోల్టేజి ఒక్కసారిగా ఊగితే కన్వర్టర్, అంటే డీసీని ఏసీగా మార్చే యంత్రం, తడబడుతుంది. అంటే పక్క లైను పడిపోయినప్పుడు ఆదుకోవాల్సిన లైను, అదే కుదుపుకు తనూ పడిపోయే అవకాశం ఎక్కువ. రెండింటినీ ఒకే చోట దించినప్పుడు ఈ సంగతి డిజైన్ బల్ల మీదే మాట్లాడుకోవాలి.

దీనికి మందు ఏమిటో అందరికీ తెలుసు. సుస్వాకు రాకుండా పోయే రెండో దారి. క్షణాల్లో అందుకునే రిజర్వు: జలవిద్యుత్ గానీ, బ్యాటరీలు గానీ. ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే ఏ ఫీడర్లు (ఊళ్ళకు కరెంటు ఇచ్చే లైన్లు) ఏ వరసలో ఆపుకోవాలో ముందే కుదిర్చిన రిలేలు, అంటే తేడా కనిపెట్టి వాటంతటవే లైను ఆపించే పరికరాలు. చివరిది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది కూడా. ఎందుకంటే రిబ్బన్ కత్తిరించడానికి అందులో ఏమీ ఉండదు. 2012లో దక్షిణాది నిలబడటంలో ఆ రిలేల పాత్ర ఎంతో ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళను అడగండి.

రంగుకు రంగు

ఇప్పుడు నా సొంత పని. ఇది సుస్వా లైను కాదు, తూర్పు ఆఫ్రికాలోనే రెండు దేశాల మధ్య ఇంకో లైను. పేర్లు అవసరం లేదు.

టవర్ తల మీద పిడుగుల నుంచి కాపాడే ఎర్త్ తీగ ఉంటుంది. ఇప్పుడు దాని కడుపులో స్టీలు గొట్టం, అందులో 24 గాజు పోగులు పెడుతున్నారు. ఓపీజీడబ్ల్యూ అంటాం. ఒక్కో పోగు మందం ఇంచుమించు తల వెంట్రుకంత. ఈ పోగుల్లోనే రెండు చివర్ల రిలేలు మాట్లాడుకుంటాయి. ఇవతల ఫాల్ట్ కనిపిస్తే, అవతలి బ్రేకర్‌కు, అంటే లైనును తెంపే పెద్ద స్విచ్‌కు, కబురు రెప్పపాటులో చేరాలి. మిగిలిన పోగులను టెలికాం కంపెనీలకు అద్దెకిస్తారు. అంటే కరెంటు లైను వేస్తే ఇంటర్నెట్ దారి కూడా దాదాపు ఉచితంగా వచ్చినట్టే. సముద్రం దగ్గర లేని దేశాలకు ఇది చాలా పెద్ద విషయం. 2009, 2010ల్లో సీకామ్, టీమ్స్, ఈస్సీ అనే సముద్రగర్భ కేబుళ్ళు మొంబాసాకు చేరేదాకా తూర్పు ఆఫ్రికా చాలావరకు ఉపగ్రహాల మీదే ఆధారపడింది. రేవు దాకా వచ్చిన ఆ డేటా లోపలి దేశాలకు పోవాలంటే నేల మీద దారి ఉండాలి కదా.

తీగ డ్రమ్ము ఒక్కోటి సుమారు 4, 5 కిలోమీటర్లు. 500 కిలోమీటర్ల లైనుకు వందకు పైగా జాయింట్లు. ఒక్కో జాయింట్‌లో 24 అతుకులు. గాలి లేని చోట, చిన్న టెంటులోనో వ్యాన్‌లోనో కూర్చుని పని చేయాలి. పోగు మీది జెల్లు తుడిచి, పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, చివర నిటారుగా కోసి, మెషీన్‌లో ఎదురెదురుగా పెడితే అది రెండు చివరలనూ కరిగించి అతికిస్తుంది. స్క్రీన్ మీద నష్టం 0.03, 0.04 డెసిబెల్ వస్తే మంచి అతుకు. ఒక ధూళి కణం పడిందా, కోసి మళ్ళీ మొదలు.

ఆ లైనులో సరిహద్దు దగ్గరి జాయింట్ వేసింది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన. ముప్ఫై ఏళ్ళ అనుభవం, చేతిలో వణుకు లేదు. 24 అతుకులూ 0.05 లోపలే. టెస్టుకు కూర్చుంటే మాత్రం ఇవతల ఒకటో పోర్టులో లైటు వేస్తే అవతల ఒకటో పోర్టులో చీకటి. మీటరు పట్టుకుని ఒక్కొక్కటీ వెతికితే మూడో పోర్టులో దొరికింది. రెండోది ఇంకెక్కడో. రిలేలకు కేటాయించిన పోగులు అవతల ఖాళీ చోట తేలాయి.

బాక్స్ విప్పించాం. పెద్దాయన రెండు కేబుళ్ళనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "రంగుకి రంగు కలిపేశాను బాబూ. అటు వరస వేరని నాకెవరు చెప్పారు?" అన్నాడు.

నిజమే. ఇవతలి కేబుల్ ఒక దేశంలో తయారైంది, రంగుల వరస నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అని మొదలవుతుంది. అవతలిది ఇంకో దేశపు ప్రమాణంతో చేసింది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు అని. రెండింట్లోనూ నీలం ఉంది. ఇక్కడ నీలం ఒకటో నంబరు, అక్కడ మూడో నంబరు. ఆయన చేతి పని తప్పు కాదు. ఒకరి రంగుల చార్టు ఇంకొకరికి పంపాలని ఏ కాగితంలోనూ రాయలేదు.

రెండు దారులున్నాయి. ఒకటి, కంట్రోల్ రూంలో ప్యాచ్ ప్యానెల్ దగ్గర తీగలు మార్చి స్టిక్కర్ అంటించడం. గంట పని. రెండోది, జాయింట్ మొత్తం కోసి నంబరుకు నంబరు కలిపి మళ్ళీ వేయడం. అర రోజు పని. నేను రెండోదే పట్టుబట్టాను. ఆ స్టిక్కర్ ఎండకు వాడిపోతుంది, ఐదేళ్ళ తర్వాత ఎవరో కొత్తవాడు ప్యానెల్ మారుస్తాడు, ఆ రోజు ఫాల్ట్ వస్తే అవతలి బ్రేకర్‌కు కబురు అందదు. అప్పుడు తగలబడేది ట్రాన్స్‌ఫార్మర్.

అర రోజు పనికి 19 రోజులు పట్టింది. ఒక కాంట్రాక్టరు పని సరిహద్దు టవర్ దాకా, ఇంకొకరి పని అదే సరిహద్దు టవర్ నుంచి. జాయింట్ బాక్స్ ఆ టవర్ కాలికే బిగించి ఉంది. అది ఎవరిది? ఇద్దరూ మాది కాదన్నారు. ఉత్తరాలు రాజధానులకు పోయి, సంతకాలతో తిరిగొచ్చేదాకా పెద్దాయన, నేను ఆ సరిహద్దు ఊళ్ళో ఒక లాడ్జిలో కూర్చున్నాం. ఆయన రోజూ పొద్దున్నే మెషీన్ విప్పి ఎలక్ట్రోడ్లు తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేవాడు. తప్పు లేకపోయినా ఆ జాయింట్ ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. అనుమతి వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా 24 అతుకులూ పూర్తి చేశాడు. సాయంత్రం ఒకటో పోర్టులో వేసిన లైటు ఒకటో పోర్టులోనే వచ్చింది.

రైలు, రోడ్డు

రైలు మార్గంలోనూ ఇదే అతుకు సమస్య, కాకపోతే కంటికి కనిపించేంత పెద్దది. 1896 నుంచి మొదలుపెట్టి, మొంబాసా నుంచి ఉగాండా వైపు రైలు మార్గం వేయడానికి బ్రిటిష్ వాళ్ళు మన దేశం నుంచి దాదాపు 32 వేల మంది కూలీలను తీసుకుపోయారు. ఎక్కువమంది పంజాబ్ ప్రాంతం వాళ్ళు. సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. మన దేశంలో వాడే మీటర్ గేజ్‌నే అక్కడ వేశారు. 2017లో వచ్చిన మొంబాసా, నైరోబీ కొత్త మార్గం మాత్రం స్టాండర్డ్ గేజ్. 2019 అక్టోబర్‌లో సుస్వా దాకా వచ్చి ఆగింది. ఉగాండా సరిహద్దులోని మలాబాలో ఉన్నది పాత మీటర్ గేజ్. అందుకని నైవాషా దగ్గర రెండు గేజ్‌లనూ కలుపుతూ చిన్న ముక్క వేసి, కంటైనర్లను క్రేన్‌తో ఒక బండి మీంచి ఇంకో బండి మీదికి మారుస్తారు. గుంతకల్లులో బ్రాడ్ గేజ్ బండి దిగి, పెట్టెలు మోసుకుని, మీటర్ గేజ్ బండి ఎక్కిన మన పెద్దవాళ్ళకు ఈ అవస్థ చెప్పక్కర్లేదు. మన దేశం 1992లో యూనిగేజ్ మొదలుపెట్టి దశాబ్దాల పాటు డబ్బు పోసి దాన్ని వదిలించుకుంది.

రోడ్డు విషయంలో కథ కొంచెం సంతోషంగా ఉంది. కెన్యా ఉత్తరాన ఇసియోలో నుంచి ఇథియోపియా సరిహద్దు మోయాలే దాకా సుమారు 500 కిలోమీటర్లు. కైరో నుంచి కేప్‌టౌన్ దాకా అనుకున్న ఖండపు రహదారిలో ఇదొక ముక్క. తారు పడకముందు లారీలు దోపిడీల భయంతో బారులు కట్టి, రెండు మూడు రోజులు రాళ్ళ మీద పోయేవి. ఇప్పుడు బస్సు ఒక్క రోజులో చేరుతుంది. మోయాలేలో రెండు దేశాల అధికారులూ ఒకే కప్పు కింద కూర్చునే ఉమ్మడి చెక్‌పోస్టును 2020 డిసెంబర్‌లో రెండు దేశాల అధినేతలు ప్రారంభించారు. లారీ రెండుసార్లు ఆగే బదులు ఒక్కసారి ఆగుతుంది. ఆఫ్రికాలో ఇలాంటి మొదటి చెక్‌పోస్టు 2009లో జాంబియా, జింబాబ్వే సరిహద్దులోని చిరుండులో మొదలైంది.

రోడ్డు బాగున్నంత మాత్రాన సరిపోదని అదే 2020 చూపించింది. కోవిడ్ పరీక్షల ఫలితాల కోసం మలాబా దగ్గర లారీలు పదుల కిలోమీటర్ల బారున నిలిచాయి. ఒక దేశం ఇచ్చిన పరీక్ష కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకోలేదు. తారు అంతా చక్కగానే ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఫోన్లది. కెన్యా, ఉగాండా, రువాండాల మధ్య కేబుళ్ళు ముందే ఉన్నాయి, అయినా సరిహద్దు దాటితే కాల్ ధర నడ్డి విరిగేలా ఉండేది. 2014లో ఆ దేశాలు కూర్చుని రోమింగ్ అదనపు చార్జీలు తీసేద్దామని ఒప్పుకున్నాయి. కొత్త తీగ ఒక్క మీటరు కూడా వేయలేదు. కాల్స్ ఒక్కసారిగా పెరిగిపోయాయి. నేను తీగలు కలిపి బతికేవాణ్ణే, అయినా ఈ ఉదాహరణను ప్రతి మీటింగ్‌లో చెప్తాను.

లైను కింద ఉన్నవాళ్ళు

డీసీ లైనుకు ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచకూడదు. మధ్యలో దించుకోలేం. ఏసీ లైనుకైతే దారిలో సబ్‌స్టేషన్ కట్టి పది ఊళ్ళకు కరెంటు ఇవ్వొచ్చు. 500 కేవీ డీసీ లైను నుంచి చిన్న ఊరికి కరెంటు తీయాలంటే వందల కోట్ల కన్వర్టర్ కట్టాలి. అంటే ఉత్తర కెన్యాలో ఒంటెలు, మేకలు మేపుకునే కుటుంబాల నెత్తి మీదుగా ఆ కరెంటు నైరోబీకి పోతుంది. టవర్ కోసం భూమి వాళ్ళది, దీపం వేరే వాళ్ళది. సరిహద్దు ఊరు మోయాలేలో కెన్యా వైపు ఇళ్ళలో వెలిగే కరెంటు కూడా ఇథియోపియా వైపు నుంచి చిన్న పంపిణీ లైనులో వచ్చేది. పెద్ద లైనుతో దానికి సంబంధమే లేదు.

ఒకసారి సైటుకు పోతూ దారిలో టైరు మార్చుకుంటుంటే, మేకలు కాస్తున్న ముసలాయన ఒకరు మా కెన్యా డ్రైవర్‌ను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. ఆ తీగల్లో ఏం పోతోంది, ఇక్కడెందుకు ఆగదు అని. డ్రైవర్ నా వైపు చూశాడు. కన్వర్టర్ సంగతి ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. తెలిసినా, దాంతో ఆయన గుడిసెలో దీపం వెలగదు.

దీనికి జవాబు లేకపోలేదు. పెద్ద లైను అంచనాలోనే దారి పొడవునా ఊళ్ళకు సౌర మినీ గ్రిడ్ల ఖర్చు కలపాలి. మొత్తం ఖర్చులో అది చిన్న భాగం. టవర్ల మీది గాజు పోగుల్లో రెండింటినైనా దారిలోని బడులకు, ఆసుపత్రులకు కేటాయించాలి. ఫైబర్‌ను ప్రతి జాయింట్ బాక్స్ దగ్గరా దించుకోవచ్చు, డీసీ కరెంటులా కాదు. కరెంటు ఆగలేని చోట ఇంటర్నెట్ ఆగగలదు. ఈ మాట ఇప్పటికి మూడు ప్రాజెక్టుల రివ్యూల్లో రాసిచ్చాను. ఒకదాంట్లో ఒప్పుకున్నారు.

ఇప్పుడు నేను ముందుగా అడిగేవి

కొత్త ప్రాజెక్టు ఫైలు చేతికొస్తే మ్యాపు తర్వాత చూస్తాను. సరిహద్దు టవర్ నంబరు ఎంత, దాని మీది జాయింట్ ఎవరి కాంట్రాక్టులో ఉంది, దాన్ని విప్పాలంటే ఎవరి సంతకం చాలు, ఇవి ముందు అడుగుతాను. రెండు దేశాల రిలే సెట్టింగులు ఒకే బల్ల మీద పెట్టి సరిచూసిన రోజు ఏది? కొనే దేశం గ్రిడ్‌లో ఒకే దెబ్బకు పోగల కరెంటు ఎంత, దానికి రిజర్వు ఎక్కడుంది? ఉత్పత్తి కేంద్రం గడువు, లైను గడువు ఒకే మనిషి చేతిలో ఉన్నాయా? వీటికి జవాబులు రాకముందు సంతకం పెట్టమని పై నుంచి ఒత్తిడి వస్తుంది. పెట్టను. ఒకసారి అందుకే ఒక పని పోగొట్టుకున్నాను కూడా, దానికి విచారం లేదు.

2025 సెప్టెంబర్‌లో ఇథియోపియా 5,150 మెగావాట్ల రినైసాన్స్ డ్యామ్‌ను ప్రారంభించింది. టాంజానియా రుఫిజీ నది మీద 2,115 మెగావాట్ల ప్రాజెక్టు పూర్తి చేసింది. అమ్మేవాళ్ళకు కరెంటు ఉంది, కొనేవాళ్ళకు అవసరం ఉంది. ఇసిన్యా నుంచి టాంజానియాకు పోయే లైను ఏసీ. అంటే కెన్యా, టాంజానియాలు ఇప్పుడు ఒకే కాడికి వచ్చాయి. దాని తర్వాతి ముక్క టాంజానియా నుంచి జాంబియాకు. అది పూర్తయితే తూర్పు ఆఫ్రికా గ్రిడ్లు, 1995లో ఏర్పడిన ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు పవర్ పూల్‌తో, అంటే కరెంటు పంచుకునే దేశాల కూటమితో, కలుస్తాయి. కైరో పక్క నుంచి కేప్‌టౌన్ పక్కకు కరెంటు పోయే దారిలో మిగిలిన పెద్ద అతుకుల్లో అదొకటి.

నా దగ్గర పని నేర్చుకున్న కడప కుర్రాడు ఒకడు ఇప్పుడు అలాంటి ఒక సరిహద్దు లైనులోనే ఉన్నాడు. పోయిన వారం ఫోన్ చేసి, "సార్, తీగ లాగడం అయిపోయింది, రేపు జాయింట్లు మొదలుపెడుతున్నాం" అన్నాడు. గొంతులో ఉత్సాహం.

"రెండు వైపుల రంగుల చార్టులూ తెప్పించుకున్నావా?" అని అడిగాను.

"మన వైపుది ఉంది సార్. అటు వైపుది మెయిల్ చేస్తామన్నారు, ఇంకా రాలేదు."

"అది వచ్చేదాకా సరిహద్దు టవర్ బాక్స్ ముట్టుకోకు నాన్నా. మిగతావి వేసుకుంటూ ఉండు" అన్నాను. సరే సార్ అన్నాడు. రాత్రి మళ్ళీ మెసేజ్ పెట్టాడు, అటు వైపు ఇంజనీరు నంబరు దొరికిందని, పొద్దున్నే తనే సరిహద్దు దాటి వెళ్ళి చార్టు తెచ్చుకుంటానని.